‘శాంతంగా ఉండండి’ అంటే ఏం చేయమని?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పెంపకం మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘పిల్లలు మొండికేసినప్పుడు తల్లిదండ్రులు సహనం కోల్పోకూడదు.’ కాదనేదేం లేదు. కానీ సాయంత్రం ఆరున్నరకి రెండున్నరేళ్ల పిల్లాడు వంటింటి గడప మీద పడి దొర్లుతున్నాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, హాల్లోంచి ‘ఏమైందే వాడికి?’ అని కేక వినబడుతోంది. ఆ సహనం ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఆ వ్యాసంలో ఉండదు. పిల్లల వైద్యంలో, ప్రీస్కూళ్లలో, తల్లిదండ్రుల కౌన్సెలింగ్‌లో పనిచేసేవాళ్లం కొందరం కలిసి ఆ ఖాళీ పూరిద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైంది. నాలుగు చిట్కాల్లో ఇమిడే విషయం కాదు, మన్నించండి.

‘మాకు ఓపిక లేదండీ, మా పిల్లలు మాకు తగ్గట్టే పుట్టారు’ అని నిట్టూర్చే అమ్మానాన్నలు చాలామంది. ఓపిక స్వభావంలో ఉందా లేదా అన్న చర్చ పక్కన పెట్టొచ్చు. పిల్లాడు పేచీ పెట్టిన ఆ కాసేపట్లో మన కాళ్లు ఎక్కడుండాలి, చేతులు ఏం చేస్తుండాలి, నోట్లోంచి ఎన్ని మాటలు రావాలి, ఇవి నేర్చుకుంటే వచ్చేవే. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు కూడా నేర్చుకుంటారు.

ముందు ఆ కాసేపు అంటే ఎంతో తెలియాలి. 2003లో అమెరికాలో మైకేల్ పొటేగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్తలు ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల వయసు పిల్లల పేచీల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పేచీలో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది తల్లిదండ్రుల చేత రాయించి పరిశీలించారు. నాలుగింట మూడు వంతుల పేచీలు ఐదు నిమిషాలు దాటలేదు. మనకు అరగంటలా అనిపించడానికి ఒక కారణం మన గుండెదడ. రెండోది, మధ్యలో మనమే ఆజ్యం పోస్తుండటం. ఒక ప్రశ్న, ఒక బెదిరింపు, ఒక బేరం. వేసిన ప్రతిసారీ పేచీ మళ్లీ మొదటికొస్తుంది.

అదే పరిశోధనలో తేలిన ఇంకో సంగతి ఇంట్లో ఇంకా బాగా ఉపయోగపడుతుంది. పేచీలో కోపం, దుఃఖం రెండూ కలిసే ఉంటాయి. కీచుమని అరవడం, తన్నడం, విసరడం కోపం వైపు. ఏడుపు, సణుగుడు, ఒళ్లోకి రావాలని చూడటం దుఃఖం వైపు. కోపం మొదట్లోనే ఎగిసిపడి త్వరగా దిగిపోతుంది. దుఃఖం మొదటినుంచి చివరిదాకా అడుగున సాగుతూనే ఉంటుంది. తర్వాత 2011లో పొటేగల్ బృందం పిల్లల బట్టలకు చిన్న మైకులు అమర్చి రికార్డు చేసిన శబ్దాల్లోనూ ఈ రెండు రకాలూ విడివిడిగా వినిపించాయి. కాబట్టి పెద్దవాళ్లు చేయాల్సిన మొదటి పని చెవితో. అరుపు పదునుగా, పైస్థాయిలో ఉన్నంతసేపూ బిడ్డకు మాట ఎక్కదు, ముట్టుకుంటే తోసేస్తాడు. ఆ పదును తగ్గి వెక్కిళ్లు పడే ఏడుపులోకి దిగగానే చేతులు చాపితే వచ్చి ఒళ్లో పడతాడు. పది సెకన్ల ముందు చాపి ఉంటే అదే చేతిని కొరికేవాడు. చాలా ఇళ్లలో ఇది తారుమారవుతుంది. కోపం మంచి ఊపులో ఉన్నప్పుడు బలవంతంగా హత్తుకుంటారు, తీరా ఏడుపులోకి దిగాక ‘చేసిందంతా చేసి ఇప్పుడేం ఏడుపు’ అని విదిలిస్తారు.

ఇక మన ఒంటి సంగతి. మొదటి పది పదిహేను సెకన్లు పూర్తిగా మనవి. పొయ్యి కట్టేయండి. గరిటె, ఫోను కింద పెట్టండి. (చేతిలో ఫోను పట్టుకుని శాంతంగా ఉండగలిగినవాళ్లను మేమింకా చూడలేదు.) పళ్లు బిగబట్టి ఉంటే దవడ వదులు చేయండి, చెవుల దాకా లేచిన భుజాలు దించండి. తర్వాత ఊపిరి, అదీ ముందు బయటికి వదలడంతో మొదలుపెట్టండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం కాస్త తగ్గుతుంది, పీల్చేటప్పుడు కాస్త పెరుగుతుంది. అందుకే వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువుండాలి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. ఐదుసార్లు చేస్తే నిమిషం కూడా పట్టదు. చాలామంది ఛాతీ ఉబ్బించి గబగబా పెద్ద ఊపిరులు తీస్తారు. దాంతో తల తిరుగుతుంది, గాభరా ఇంకా పెరుగుతుంది. ముక్కుతో, పొట్ట కదిలేలా, నెమ్మదిగా తీయాలి. మీరిలా చేస్తున్నట్టు పిల్లాడికి తెలియనక్కర్లేదు. ‘గట్టిగా ఊపిరి తీసుకో నాన్నా’ అని ఆ సమయంలో వాడికి చెప్పడం దండగ. అది మామూలు రోజుల్లో సబ్బు బుడగలు ఊదిస్తూనో, వేడి అన్నం ముద్ద ఊదిస్తూనో ఆటగా నేర్పాల్సిన విద్య.

ఊపిరితో పాటు మనసులో ఒక వాక్యం అనుకోండి: ‘ఇది ప్రమాదం కాదు, పేచీ.’ బిడ్డ అరుపు వింటే పరుగెత్తేలాగే మన మెదడు తయారైంది, లేకపోతే పసివాళ్లు బతకరు. అది ఉత్తుత్తి గంట అని మనమే దానికి చెప్పుకోవాలి. నిజంగానే ప్రమాదం ఉంటే, అంటే రోడ్డు, మెట్లు, వేడి గిన్నె, బాల్కనీ లాంటివైతే, మాటల్లేకుండా ముందు బిడ్డను ఎత్తి పక్కకు తేవాలి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ సగం ఫలితం అందులోనే ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మనిషి మూడడుగుల బిడ్డకు ఎలా కనిపిస్తాడో ఒకసారి నేల మీద పడుకుని చూడండి. పేచీ జరుగుతున్నప్పుడు కిందో, పీట మీదో కూర్చోవాలి. తన్నితే తగలనంత దూరం, చేయి చాపితే అందేంత దగ్గర. పూర్తిగా ఎదురుగా వద్దు, కాస్త పక్కకు తిరిగి కూర్చోండి. ‘నా కళ్లలోకి చూసి చెప్పు’ లాంటి మాటలు వద్దు. బిడ్డ చేతుల వైపో, పక్కన నేల వైపో చూస్తూ ఉండండి.

శాంతం అంటే మొహం గడ్డకట్టించుకోవడం అనుకునేవాళ్లూ ఉన్నారు. ‘నేను పట్టించుకోకుండా సెల్ చూసుకుంటూ కూర్చుంటా, వాడే ఆపేస్తాడు’ అంటారు. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి వీళ్లకు చెప్పాలి. పసిబిడ్డతో ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాల పాటు మొహంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నారు. పిల్లలు ముందు నవ్వి పలకరించి చూశారు, చేతులు చాపారు, తర్వాత గోల చేశారు, చివరికి తల పక్కకు తిప్పేసుకున్నారు. ఎవరూ వాళ్లను కొట్టలేదు, తిట్టలేదు, వదిలి వెళ్లలేదు. పేచీని పట్టించుకోకపోవడం వేరు, బిడ్డను పట్టించుకోకపోవడం వేరు. అరుపుకు జవాబివ్వక్కర్లేదు గానీ, అమ్మ ఇక్కడే ఉంది అన్నది మొహం చూస్తే తెలుస్తుండాలి. కనుబొమలు వదులుగా, అప్పుడప్పుడు తల ఊపుతూ ఉంటే చాలు. అతి తియ్యదనం కూడా బెడిసికొడుతుంది. బిడ్డ భగ్గుమంటుంటే ‘ఏమైందమ్మా బంగారూ, నా చిట్టితల్లీ’ అని గారాలు పోతే, తన బాధ వీళ్లకు అందలేదనుకుని పాప గొంతు ఇంకా పెంచుతుంది.

మాటలు మూడు వాక్యాలు దాటకూడదు. బిడ్డకు ఏం కావాలో ఒకటి, హద్దు ఏమిటో ఒకటి, నేనున్నానని ఒకటి. టీవీ కట్టేసినప్పుడైతే: ‘నీకింకా చూడాలనుంది. టీవీ అయిపోయింది. నేనిక్కడే కూర్చున్నా.’ ఆ తర్వాత అర నిమిషమో, నిమిషమో ఏమీ మాట్లాడొద్దు. అవసరమైతే మళ్లీ అవే మాటలు, అదే గొంతుతో. కొత్త కారణాలు తీస్తే వాదన పెరుగుతుంది. ‘ఎందుకేడుస్తున్నావ్?’ అని అడగొద్దు. ఎందుకో చెప్పగలిగితే ఏడ్చేవాడు కాదు. ఆవేశాన్ని ఆపుకుని, ఆలోచించే పని చేసే మెదడు ముందు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మూడేళ్లవాడి దగ్గర ఉన్నదే కొంచెం, కోపంలో ఆ కొంచెమూ అక్కరకు రాదు. ‘కోపం వచ్చింది కదా కన్నా, నీకు కోపం వచ్చింది కదా’ అని పదిసార్లు వల్లించడం ఒకటి కొత్తగా బయల్దేరింది, వీడియోల పుణ్యమా అని. ఒకసారి అంటే చాలు.

‘బూచాడికిచ్చేస్తా’, ‘పోలీసంకుల్‌ని పిలుస్తా’, ‘డాక్టర్‌తో ఇంజక్షన్ వేయిస్తా’ అన్నవి మన ఇళ్లలోంచి పోకపోవడానికి కారణం ఉంది. అవి వెంటనే పనిచేస్తాయి. బిడ్డ నోరు మూస్తాడు, కానీ శాంతించి కాదు, బెదిరి. ఆ బెదురు రాత్రి నిద్రలో తేలుతుంది, టీకా గది గుమ్మం దగ్గర తేలుతుంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడు పోలీసును చూసి దాక్కుంటే తప్పెవరిది? ‘నాన్న రానీ, చెప్తా నీ పని’ అన్నది ఇంకో రకం. సాయంత్రం నాన్న గుమ్మంలో కాలు పెట్టేసరికి బిడ్డకు ఆయన పోలీసు, ఆయనకు బిడ్డ ఒక కేసు. ఇక ‘మగపిల్లాడివి ఏడుస్తావేంట్రా’ అన్న మాట ఇప్పటికైనా మానేస్తే బాగుండు.

కొట్టే పిల్లల దగ్గర శాంతంగా ఉండటమంటే దెబ్బలు తినమని కాదు. మణికట్టుకు కాస్త పైన, వేళ్లు బిగించకుండా చేయి పట్టుకుని ‘కొట్టనివ్వను’ అని ఒక్క మాట అనండి. ఆ చేయి సడలగానే వదిలేయండి. తల నేలకేసి కొట్టుకుంటుంటే అరవకుండా మధ్యలో మీ అరచేయో, దిండో పెట్టండి. విసిరే వస్తువులు వాడి చేతిలోంచి లాక్కోవద్దు, మిగిలినవి అందకుండా జరపండి. తిరిగి కొట్టడం విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మాస్టారు చేయెత్తితే బడికెళ్లి నిలదీసే మనం, అదే దెబ్బ ఇంట్లో వేస్తే పెంపకం అంటున్నాం.

బజార్లో మొరాయించిన పిల్లను రెక్క పట్టుకుని లాగొద్దు. ఇది ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే బంధనం ఇంకా బలపడదు. చేయి పట్టి ఒక్కసారిగా గుంజితే ఎముక చోటు తప్పుతుంది. ఆ తర్వాత బిడ్డ ఆ చేయి కదపకుండా ఒంటికి ఆనించుకుని ఏడుస్తుంటే అది మొండితనం కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఎత్తుకోవాల్సి వస్తే వెనకనుంచి చంకల కింద చేతులు పోనిచ్చి, బిడ్డ వీపు మీ ఛాతీకి ఆనేలా ఎత్తండి. కాళ్లు ముందుకు తన్నుకుంటాయి గానీ మీకు తగలవు. తల వెనక్కి విసురుతారు కాబట్టి మీ గడ్డం ఒక పక్కకు తిప్పి ఉంచుకోండి.

సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాక్లెట్లు పిల్లల కళ్లకు ఎదురుగా, చేతికి అందే ఎత్తులో పేరుస్తారు. మనం అక్కడ నిలబడేది సాయంత్రం, వాళ్లకు ఆకలేసే వేళకి. వెనక క్యూలో పదిమంది చూస్తుంటారు. అక్కడ తల్లిదండ్రులు లొంగిపోయేది బిడ్డ ఏడుపుకు కాదు, ఆ పదిమంది చూపులకు. బండి పక్కకు జరిపి, కౌంటర్లో ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి, బిడ్డను ఎత్తుకుని బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చోవడం ఉన్నవాటిలో తేలిక. అంతకంటే తేలిక, లోపలికి అడుగు పెట్టకముందే గుమ్మం దగ్గర చెప్పడం: ‘ఇవాళ పప్పు, సబ్బులు కొంటాం. చాక్లెట్ కొనం.’ కొనిచ్చే ఉద్దేశం ఉంటే అదీ అక్కడే చెప్పాలి, ‘ఒక్కటి, నువ్వే ఎంచుకో’ అని.

అడిగింది ఇవ్వదలిస్తే మొదటి నిమిషంలోనే నవ్వుతూ ఇచ్చేయండి. ఇవ్వకూడదనుకుంటే చివరిదాకా ఇవ్వకండి. ఆరో నిమిషంలో ఇవ్వడం అన్నిటికంటే చేటు. ఐదు నిమిషాల ఏడుపు చాలదు, ఆరు కావాలి అన్నదే బిడ్డ దానినుంచి నేర్చుకునేది. ఒకసారి ఇచ్చి నాలుగుసార్లు ఇవ్వకుండా ఉంటే ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది, ఈసారి రావచ్చు కదా అని. ఇంకో సంగతి. ఇవ్వడం మానేసిన తొలి రోజుల్లో పేచీ తగ్గదు, పెరుగుతుంది. ఇంతకుముందు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయడం లేదని బిడ్డ ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. ‘మీరు చెప్పింది మా వాడి దగ్గర పనిచేయలేదండీ’ అని మూడోనాడే వదిలేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే వదిలేస్తారు.

ఫోను గురించి వేరే ఉత్తరమే రాయొచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఏడుపు ఆపడానికి ఇచ్చే ఫోను అన్నిటికంటే ఖరీదైనది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఏడుపు మాన్పించడానికి తరచూ ఫోనిస్తే, కొన్ని నెలల తర్వాత చూసినప్పుడు వాళ్లలో ఉద్రేకం ఎక్కువగా కనిపించిందని, మగపిల్లల్లో ఇది మరింత స్పష్టంగా ఉందని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2022 చివర్లో ప్రచురించారు. ఏడుపు దానంతటది ఎక్కి దిగే ఆ ఐదు నిమిషాలే బిడ్డకు అభ్యాసం. ఫోనిస్తే ఆ అభ్యాసం జరగదు.

ఉమ్మడి ఇళ్లలో, అమ్మమ్మ నానమ్మల ఊళ్లకు సెలవులకు వెళ్లినప్పుడు ఉండే చిక్కు వేరు. అమ్మ ఓపిగ్గా కూర్చుని ఉంటుంది, రెండో నిమిషంలో నానమ్మ వచ్చి ‘పసివాణ్ని అంతలా ఏడిపిస్తారటే’ అని అడిగింది చేతిలో పెట్టేస్తుంది. ఆవిడ ప్రేమలో లోపం లేదు, ముందుగా చెప్పకపోవడమే లోపం. పేచీ మధ్యలో పెద్దవాళ్లతో వాదించకండి, అక్కడ రెండు పేచీలవుతాయి. ఇల్లు నిమ్మళంగా ఉన్నప్పుడు అడగండి: ‘అత్తయ్యా, వాడు ఏడుస్తున్నంతసేపూ నేనొక్కదాన్నే మాట్లాడతాను. ఆగగానే మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని మంచినీళ్లు తాగించండి.’ ఒట్టి ‘మీరు జోక్యం చేసుకోకండి’ అంటే ఎవరూ వినరు. చేయడానికి ఒక పని, అదీ ప్రేమగా చేసే పని ఇస్తే చాలామంది వింటారు. భార్యాభర్తలు కూడా ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. ‘కాస్త నువ్వు చూడు’ అనగానే ఎందుకని అడక్కుండా రెండోవాళ్లు వచ్చి కూర్చోవాలి, మొదటివాళ్లు అవతలి గదిలోకి వెళ్లాలి. వెళ్తూ వెళ్తూ సలహాలు ఇవ్వకూడదు.

చాలా పేచీలు ఆకలి, నిద్ర చాలకపోవడం నుంచి పుడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్కల ప్రకారం ఒకటి నుంచి రెండేళ్ల వాళ్లకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో రాత్రి భోజనాలు తొమ్మిదిన్నరకి, పడకలు పదకొండుకి, స్కూల్ వ్యాను ఏడున్నరకి. లెక్క మీరే వేసుకోండి. పెళ్లికి వెళ్తున్నప్పుడు పంక్తి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి బిడ్డకు ఇంట్లోనే అన్నం పెట్టి బయల్దేరండి. పార్కులో ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే మూడేళ్ల పిల్లకు అర్థం కాదు. ‘ఇంకో రెండుసార్లు జారుడుబల్ల ఎక్కి దిగు, వెళ్దాం’ అంటే అర్థమవుతుంది.

తుఫాను వెలిశాక ఓ పావుగంట, అరగంట దాకా పాఠాలొద్దు. మంచినీళ్లు, ఒళ్లో కాసేపు, మొహం తుడవడం. అన్నం తినేటప్పుడో పడుకునేటప్పుడో ఒకటి రెండు మాటలు: ‘ఇందాక టీవీ ఆపితే ఉక్రోషం వచ్చింది. ఉక్రోషం వస్తే దిండును గుద్దొచ్చు. తమ్ముణ్ని కొట్టకూడదు.’ చేయకూడనిది చెబితే, చేయదగ్గది కూడా ఒకటి చెప్పాలి. మీరే అరిచేసి ఉంటే అదీ దాటేయకండి. ‘ఇందాక గట్టిగా అరిచాను, నువ్వు జడుసుకున్నావు. అలా అరవకూడదు. టీవీ మాత్రం ఇవాళ ఇక లేదు.’ ‘నువ్వలా చేశావు కాబట్టే అరిచా’ అని తోక తగిలిస్తే ఆ క్షమాపణ చెల్లదు. తప్పు ఒప్పుకున్నామని టీవీ మళ్లీ పెట్టడమూ సరికాదు. రెండిటికీ సంబంధం లేదు.

ఇంట్లో ఒంటరిగా ఉండి, చేయి లేచేంత కోపం వస్తోందనిపిస్తే బిడ్డను భద్రమైన చోట ఉంచి, ‘మొహం కడుక్కుని వస్తా, తలుపు తీసే ఉంటుంది’ అని చెప్పి ఒకటి రెండు నిమిషాలు పక్కకెళ్లండి. అది వదిలేయడం కాదు. ఏడాది లోపు పసికందు ఎంతకీ ఏడుపు ఆపకపోతే వెల్లకిలా ఉయ్యాల్లో పడుకోబెట్టి కొద్ది నిమిషాలు బయటికి రావచ్చు. బిడ్డను పట్టుకుని గట్టిగా ఊపడం, కుదపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కొన్ని సెకన్లు గట్టిగా కుదిపినా మెదడులో రక్తస్రావమై బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. బాలింత తల్లికి రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది ఓపిక లోపం కాదు, చికిత్స ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

గుక్కపట్టే పిల్లలున్న ఇళ్లలో పైన చెప్పిందంతా మరచిపోతారు, భయంతో. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి ఆగి, పెదాలు నీలంగా మారి, ఒక్కోసారి స్పృహ తప్పి వాలిపోతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో ఇది కనిపిస్తుంది, సాధారణంగా నిమిషం లోపే ఊపిరి దానంతటదే వస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, వేళ్లు పెట్టొద్దు, కుదపొద్దు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టర్‌కు తప్పక చూపించాలి, నిమిషం దాటినా, ఏడుపు లేకుండానే వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ మందుతో చాలామందిలో తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం ఉన్నట్టు తేలింది కాబట్టి, గుక్కపట్టే బిడ్డకు హిమోగ్లోబిన్ పరీక్ష అడిగి చేయించుకోండి. గుక్కపడతాడేమోనన్న భయంతో అడిగిందల్లా ఇవ్వడం మొదలైతే అది ఇంకో తలనొప్పి.

బడి ఈడు పిల్లల దగ్గర ఇవే సూత్రాలు, కూర్చునే తీరు మారుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల మార్కుల కాగితం విసిరేసి తలుపేసుకుంటే ఆ తలుపు బాదకండి. ‘బయటే ఉన్నా. అన్నం పెట్టి ఉంచా’ అని ఒకసారి చెప్పి వదలండి. తర్వాత బట్టలు మడత పెడుతూనో, బండి మీద వెళ్తూనో, మొహాలు ఎదురెదురుగా లేనప్పుడు మాటలు వస్తాయి.

కొన్ని పేచీలకు ఇంటి వైద్యం చాలదు. రోజుకు ఐదు కంటే ఎక్కువగా వరసగా చాలా రోజులు వస్తున్నా, ఒక్కోటి ఇరవై అయిదు నిమిషాలు దాటుతున్నా, ప్రతిసారీ తననో ఇతరులనో గాయపరచుకుంటున్నా, ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప ఎప్పటికీ తేరుకోలేకపోతున్నా, ఐదేళ్లు దాటాక తగ్గకుండా పెరుగుతున్నా చూపించండి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేని పిల్లాడు పేచీలు పెడుతుంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చాలా జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదలలో లోపాలను తొందరగా గుర్తించి సాయపడే డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి, అంగన్‌వాడీ టీచర్‌ని అడిగినా దారి చెబుతారు. వెళ్లేముందు రెండు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో ఏ పూట, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది, ఎలా ఆగింది అని రాసుకోండి. కుదిరితే ఒక పేచీని ఫోన్లో వీడియో తీయండి, డాక్టర్‌కు పది ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది. ఆ వీడియో డాక్టర్‌కు చూపించడానికి మాత్రమే. కుటుంబం వాట్సాప్ గ్రూపులో నవ్వుకోవడానికి పెట్టకండి.

ఇట్లు,
పిల్లల వైద్యం, ప్రీస్కూల్, కౌన్సెలింగ్ రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
విజయవాడ